మిద్దె మీద మిరప సంకరం: ఏది తల్లి, ఎన్ని మొక్కలు, ఎక్కడ చెడుద్ది?

విభాగం: సొంత విత్తనం, సొంత రకాలు (నెల్లూరు, ప్రకాశం మిద్దెతోటలు)

#1 కావలి కుండీలు

రెండు మిరపలు ఉన్నాయి. ఒకటి పండుమిరప పచ్చడికి వాడే నాటు రకం. తోలు మందం, కారం మధ్యరకం, రుచికి పేరు పెట్టక్కర్లేదు. కానీ మొక్క నడుమెత్తు దాటుద్ది, గాలికి వాలిపోద్ది, కాయ ఆకుల కింద వేలాడుద్ది. రెండోది నర్సరీలో దొరికే అలంకరణ మిరప. జానెడు మొక్క, కాయలు నిటారుగా, కొస కొసకీ గుత్తి. నోట్లో పెడితే ఉత్త మంట, రుచి సున్నా.

కావాల్సింది: పొట్టి గుత్తి మొక్కకి నాటు కాయ రుచి. మిద్దె మీద ఖాళీ చోటు పది అడుగులకి ఎనిమిది. పెద్ద కుండీలు పన్నెండు దాకా పెట్టొచ్చు. ఇది అయ్యే పనేనా? ఏ మొక్కని తల్లిగా పెట్టుకోవాల? ఎన్ని తరాలు పడుద్ది?

#2 నెల్లూరు భూతద్దం

అయ్యే పనే అన్నా. అసలు సంకరాల్లో ఇది తేలికైన జత. ముందు రెండూ ఒకే జాతివా కాదా చూసుకోండి. పూరేకులు పాలలాగా తెల్లగా ఉంటే మన మామూలు మిరప, క్యాప్సికం యాన్యువం. లేత ఆకుపచ్చ జీర ఉన్న తెలుపైతే గింజంత కాయలు కాసే చిట్టి మిరప జాతి కావచ్చు. దాంతో నాటు మిరప సరిగ్గా కలవదు. కాయ పట్టినా గింజ పొల్లు పోద్ది, మొలిచినా మొక్క గొడ్డుబోద్ది. గుత్తిని చూసి జాతి తేల్చవద్దు, పూవు రంగు చూడండి.

కాయ వేలాడడం బలమైన లక్షణం (తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా బయటపడుద్ది), నిటారుగా నిలబడడం బలహీనమైనది (ఇద్దరి నుంచీ వస్తేనే కనపడుద్ది). విడివిడిగా కాయడం బలం, గుత్తి బలహీనం. అంటే మొదటి తరం, ఎఫ్1, మొత్తం నాటు మొక్కలాగే పొడుగ్గా, కాయలు వేలాడుతూ వస్తాయి. అది చూసి చాలామంది పీకి పారేస్తారు. మీకు కావాల్సింది ఎఫ్2లో, అంటే ఎఫ్1 సొంత గింజతో వచ్చే రెండో తరంలో, బయటికొస్తుంది.

తల్లి (కాయ, గింజ కట్టే మొక్క) సంగతి: అలంకరణ మిరపనే తల్లిగా పెట్టండి. కారణం ఉంది. పట్టకారుతో తల్లి పూవులో కేసరాలు (పుప్పొడి ఉండే మగ భాగాలు) తీసే పనిలో చెయ్యి జారి, దాని పుప్పొడి దానికే అంటుకుంటే ఆ గింజల మొక్కలు నిటారు కాయలే కాస్తాయి. నిజంగా క్రాస్ అయితే వేలాడే కాయలు కాస్తాయి. మొదటి పూత నాటికే దొంగ మొక్క దొరికిపోద్ది. నాటుని తల్లిగా పెడితే ఎఫ్1కీ, పొరపాటు గింజకీ తేడా కనపడదు. ఎఫ్2 దాకా పోయి, అన్నీ నాటు మొక్కలే వచ్చినప్పుడు తెలుస్తుంది, అప్పటికి ఏడాది పోయి ఉంటుంది.

#3 ఒంగోలు మిద్దెతోట

భూతద్దం అన్న లెక్క కరెక్టే కానీ అలంకరణ మిరప మొగ్గ చాలా చిన్నది. కొత్త చేతికి కేసరాలు తీసేలోపు కీలాగ్రం (పుప్పొడి పట్టే ఆడ కొస) విరుగుద్ది. నాటు మొగ్గ పెద్దది, పని సుళువు. కొత్తవాళ్ళకి పెద్ద పూవునే తల్లిగా పెట్టమంటాను.

#4 నెల్లూరు భూతద్దం

విరిగితే ఒక మొగ్గ పోద్ది అక్కా, గుత్తిలో ఇంకో ఆరుంటాయి. తప్పుడు గింజ అయితే ఏడాది పోద్ది. ముందు నాలుగైదు మొగ్గలు చెయ్యి తిరగడానికి చీల్చి చూసుకుని, తర్వాత అసలు పనికి దిగితే సరిపోద్ది.

#5 ఒంగోలు మిద్దెతోట

సరే, అట్లాగే కానీండి. పని వివరంగా రాస్తున్నా, ఎవరికైనా పనికొస్తుంది.

సామాను: కొస సన్నటి పట్టకారు (గడియారాలు బాగుచేసే వాళ్ళ దగ్గర ఉండేది), పదింతలు చూపే భూతద్దం, స్పిరిట్, దూది, రంగు దారాలు, నగల కొట్లో వాడే చిన్న దారపు చీటీలు, పెన్సిలు. పెన్ను వద్దు, ఒక్క వానకే రాత పోద్ది. పెన్సిలు రాత చెరగదు.

సాయంత్రం నాలుగు దాటాక తల్లి మొక్క దగ్గర కూర్చోండి. రేపు పొద్దున విచ్చుకునే మొగ్గ కావాలి: ఉబ్బి ఉంటుంది, పూర్తిగా తెల్లబడి ఉంటుంది, రేకుల కొసలు ఇంకా అతుక్కునే ఉంటాయి. పచ్చగా గట్టిగా ఉన్న మొగ్గ లేతది, అప్పుడే తీస్తే రాలిపోద్ది. రేకుల కొసలు విడివడ్డ మొగ్గ వదిలెయ్యండి, లోపల పుప్పొడి అప్పటికే రాలి ఉండొచ్చు.

రేకుల్ని ఒక పక్క నుంచి చీల్చి తీసేయండి. లోపల అయిదు నుంచి ఏడు కేసరాలు, నీలం ఊదా కలిసిన రంగులో ఉంటాయి. ఒక్కొక్కదాన్నీ కాడ దగ్గర పట్టుకుని బయటికి వంచి తుంచాలి. సంచిని పట్టుకుని నొక్కితే పగిలి పొడి పడుద్ది. మధ్యలో ఉండే కీలం కదలకూడదు. అంతా అయ్యాక భూతద్దంతో కీలాగ్రం చూడండి. పసుపు పొడి ఒక్క రవ్వ కనిపించినా ఆ మొగ్గని తుంచేయండి, కడిగి వాడుకుందామనుకోవద్దు. మొగ్గకీ మొగ్గకీ మధ్య పట్టకారు స్పిరిట్‌లో ముంచి, ఆరనిచ్చి వాడండి. తడి స్పిరిట్ కీలానికి తగిలితే కాలిపోద్ది.

తర్వాత పలచటి నెట్ సంచి కట్టండి. శుభకార్యాల్లో తాంబూలం పెట్టి ఇచ్చే బుల్లి నెట్ సంచులు సరిగ్గా సరిపోతాయి. తండ్రి మొక్క (పుప్పొడి ఇచ్చేది) మీద రేపు విచ్చుకునే మొగ్గలకి కూడా ఇప్పుడే సంచి కట్టాలి, లేకపోతే తెల్లారేసరికి తేనెటీగ వేరే పుప్పొడి తెచ్చి పూసి పోద్ది.

మర్నాడు పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర లోపు తండ్రి మొక్క పూవు కోయండి. కేసరాల సంచి పక్కగా చీలి, పసుపు పొడి బయటికి కనపడాలి. చీలకపోతే పూవుని నీడలో అరగంట ఉంచండి. చీలిన కేసరాన్నే పట్టకారుతో పట్టుకుని తల్లి కీలాగ్రానికి రాయండి, అది పసుపు పచ్చగా కనపడే దాకా. మళ్ళీ సంచి కట్టండి, నాలుగు రోజులు తీయొద్దు. చీటీ మీద తల్లి పేరు ముందు, తండ్రి పేరు తర్వాత, తేదీ. అదే కొమ్మ మీదున్న మిగతా పూలు, పిందెలు అన్నీ తుంచేయండి, బలం దీనికే పోవాలి.

మూడు నుంచి అయిదు రోజుల్లో కాడ పసుపు రంగుకి తిరిగితే పోయినట్టే. పచ్చగా ఉండి కాడ లావెక్కితే పట్టినట్టు. పదిలో సగం రాలినా బాధ లేదు. ఒక్క కాయ నిలిస్తే చాలు, ఎఫ్1కి నాలుగైదు మొక్కలకి మించి అక్కర్లేదు.

#6 పెన్నా గట్టు

ఏప్రిల్లో చెయ్యొచ్చా?

#7 ఉప్పునీళ్ళు

చెయ్యొచ్చు, కాయ మాత్రం ఉండదు. పగలు 35 డిగ్రీలు దాటితే మిరప పుప్పొడి చచ్చుబడుద్ది, రాత్రి చల్లబడకపోతే పూవు రాలిపోద్ది. మన పక్క మార్చి సగం నుంచి జూన్ ఆఖరు దాకా ఇదే వరస. రోహిణి కార్తెలో మిద్దె మీద పట్టకారు పట్టుకోవడం శుద్ధ దండగ. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. ముసురుకి పుప్పొడి తడిసి ముద్దవుద్ది. మనకి క్రాసింగ్ కాలమంటే డిసెంబరు నడిమి నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకానే. ఆ లెక్కన నారు సెప్టెంబరు చివర్లో పోసి, కొత్త మొక్కల్ని వాన దెబ్బ తగలకుండా చూరు కింద పెట్టుకుని, నవంబరులో కుండీకి మార్చితే సంక్రాంతికి పూత మీదుంటాయి.

ఇంకోటి నీళ్ళు. కావలి, ఒంగోలు, సముద్రం పక్క ఊళ్ళన్నిట్లో బోరునీళ్ళ ఉప్పు చూసుకోకుండా పూత రాలుతోందని మందులు కొడతా ఉంటారు. నీటి ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 1 డెసిసీమెన్/మీటరు దాటితే మిరప దిగుబడి తగ్గడం మొదలవుద్ది. ఈసీ కొలిచే మీటరు తక్కువ ధరలోనే దొరుకుద్ది. కొన్ని మీటర్లు మైక్రోసీమెన్లలో చూపిస్తాయి, అక్కడ 1000 అంటే ఇదే. ఆర్వో మిషను నుంచి పక్కకి పోయే నీళ్ళు అసలు పొయ్యొద్దు, అది ఉప్పు చిక్కబడ్డ నీళ్ళు. ఏసీ నుంచి కారే నీళ్ళు, పట్టుకున్న వాననీళ్ళు క్రాసింగ్ చేసే రెండు మూడు కుండీలకైనా దాచిపెట్టండి. ఉప్పునీళ్ళే గతైతే రోజూ కొంచెం కొంచెం పొయ్యకుండా, పోసినప్పుడు అడుగు బెజ్జం నుంచి బాగా కారేదాకా పొయ్యండి, ఉప్పు మట్టిలో పేరుకోదు.

#8 వంటింటి పచ్చిమిర్చి

చిన్న సందేహం. నా బజ్జీ మిరప పక్కనే కారం మిరప కుండీ ఉంది. ఈసారి బజ్జీ కాయలు కొన్ని చురుక్కుమంటున్నాయి. పక్కదాని పుప్పొడి పడ్డందుకేనా?

#9 నెల్లూరు భూతద్దం

కాదమ్మా. కాయ తోలు, లోపలి తెల్ల ఈనె రెండూ తల్లి మొక్కవే. కారం పుట్టేది ఆ ఈనెలోనే. పుప్పొడి ఎవరిదైనా ఈ కాయ కారం మారదు. గింజ మాత్రం క్రాస్ అయి ఉండొచ్చు, ఆ తేడా గింజ వేసి పెంచిన మొక్క కాయల్లో కనపడుద్ది. మీ కాయ చురుక్కుమనడానికి ఎండ, నీళ్ళ ఎద్దడి కారణం కావచ్చు. లేదా పోయినేడు క్రాస్ అయిన గింజతో వచ్చిన మొక్క అయ్యుండొచ్చు. ఒకే మొక్క మీద కాయలన్నీ ఒక తీరుగా చురుక్కుమంటే రెండోది.

బజ్జీ మిరప గింజ దాచుకునేవాళ్ళు దీన్ని గుర్తు పెట్టుకోండి. కారం ఉండడం బలమైన లక్షణం, కారం లేకపోవడం బలహీనం. పక్కన కారం మిరప ఉంటే మీ బజ్జీ గింజల్లో కొన్ని వచ్చే ఏడు మంట పుట్టిస్తాయి.

#10 కావలి కుండీలు

అయితే నాటు గింజ దాచుకోవడానికి కూడా సంచి కట్టాల్సిందేనా? మిరప సొంత పరాగ సంపర్కమే కదా.

#11 ఒంగోలు మిద్దెతోట

సొంతమే, కానీ తేనెటీగలు, చీమలు, తామర పురుగులు తిరిగే చోట పరాయి పుప్పొడి బాగానే పడుద్ది. ధ్రువీకరించిన మిరప విత్తనానికి పొలంలో 200 మీటర్లు, పునాది విత్తనానికి (దాన్ని తయారుచేసే మూల విత్తనం) 400 మీటర్లు ఎడం ఉండాలనేది నిబంధన. మిద్దె మీద ఆ ఎడం ఎక్కడ తెస్తాం?

సంచి కట్టడం విసుగైతే ఫెవికాల్ చిట్కా ఉంది. విచ్చుకోబోయే మొగ్గ కొస మీద సాయంత్రం అగ్గిపుల్లతో చిన్న చుక్క. రేకులు అతుక్కుపోతాయి, కేసరాలు లోపలే పగిలి సొంత పుప్పొడే పడుద్ది. పిందె పెరిగి ఎండిన రేకుల టోపీని తనే తోసేస్తుంది. ఆ కాయకి రంగు దారం కట్టాలి, లేకపోతే ఇంట్లో వాళ్ళు పచ్చడికి కోసేస్తారు. మొగ్గ కాడకి దిగేంత జిగురు పెట్టొద్దు, కాయ వంకరపోద్ది.

#12 పొదిలి ఎర్రనేల

అసలు లెక్కకి వద్దాం. కావలి అన్న పన్నెండు కుండీలు అన్నాడు. ఎఫ్2ని పన్నెండు కుండీల్లో పెడితే నష్టమే.

బలహీన లక్షణం ఒకటే కావాలనుకుంటే ఎఫ్2లో నాలుగింట ఒకటి వస్తుంది. వంద పాళ్ళలో 95 పాళ్ళ భరోసాగా ఒక్కటైనా దొరకాలంటే 11 మొక్కలు. నిటారు, గుత్తి రెండూ కావాలంటే పదహారింట ఒకటి, అదే భరోసాకి 47 మొక్కలు. ఇంకో బలహీన లక్షణం, ఉదాహరణకి పసుపు రంగు పండు, కూడా కలిపి అడిగితే అరవై నాలుగింట ఒకటి, 191 మొక్కలు. అందుకే మిద్దె వాళ్ళు కోరికలు రెండుతో ఆపాలి. మూడోది తర్వాత వేరే క్రాస్‌లో తెచ్చుకోవచ్చు.

మంచి కబురు ఏందంటే నిటారు, గుత్తి రెండూ మొదటి పూతకే తెలుస్తాయి. కాడ పైకి లేచి ఉందా, కిందికి వంగిందా చూస్తే చాలావరకు తేలిపోద్ది. కొమ్మ కొస ఒకేసారి అయిదారు మొగ్గలతో ముగిస్తే గుత్తి మొక్క. కాయ దాకా పెంచే పని లేదు. కాబట్టి పెద్ద కుండీ అక్కర్లేదు.

అర లీటరు పాల ప్యాకెట్లు కడిగి, అడుగున మూడు బెజ్జాలు పెట్టండి. ఎర్రమట్టి రెండు పాళ్ళు, చివికిన పశువుల ఎరువు ఒక పాలు, కడిగి పిండిన కొబ్బరి పొట్టు ఒక పాలు. గింజలు 60 వేస్తే 50 మొక్కలు చేతికొస్తాయి. నాలుగు అంగుళాల ఎడంతో పేర్చితే ఏడు చదరపు అడుగుల్లో సరిపోతాయి. పది రోజులకోసారి 19-19-19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్ళు) లీటరుకి గ్రాము చొప్పున కలిపి పోయండి. ఇరుకు ప్యాకెట్లో మొక్క చిన్నగానే ఉండి పూతకొస్తుంది, మనకి కావాల్సింది అదే. పూత రాగానే నిటారు గుత్తి మొక్కలు ఉంచి మిగతావి తీసేయండి. 48లో సగటున మూడే మిగులుతాయి. ఆ మూడింటికి పన్నెండు లీటర్ల కుండీలు ఇచ్చి రుచి అప్పుడు చూడండి.

పొట్టితనం మాత్రం ఇరుకు ప్యాకెట్లో నమ్మొద్దు, అందులో ప్రతి మొక్కా పొట్టిదే. గుత్తి మొక్క ఎదుగుదల కొసల దగ్గర ఆగిపోద్ది కాబట్టి మామూలుగా పొట్టిగానే ఉంటుంది, కానీ పెద్ద కుండీలో నిలబెట్టాకే తేల్చండి.

#13 కావలి కుండీలు

మూడు మొక్కల్లో నాటు రుచి లేకపోతే?

#14 పొదిలి ఎర్రనేల

ఉండకపోవచ్చు. నిజం చెప్పాలంటే మూడింట్లో ఒక్కదానికీ నాటు రుచి పూర్తిగా ఉండదు. కారం ఉండడం లేకపోవడం ఒక్క జన్యువు పని కానీ, కారం ఎంత, తోలు మందం, తీపి, కాయ పొడుగు, ఇవన్నీ చాలా జన్యువుల కలగలుపు. అక్కడ నాలుగింట ఒకటి లెక్కలు నడవవు. అందుకే రెండు దార్లు.

ఒకటి, ఎఫ్2 గింజ ఎక్కువ వేసి పది దాకా నిటారు గుత్తి మొక్కలు చేజిక్కించుకుని, వాటిలో రుచి మంచివి రెండు పట్టుకుని ఎఫ్3, ఎఫ్4కి పోవడం. దానికి 160 ప్యాకెట్లు కావాలి, పాతిక చదరపు అడుగులు లోపే.

రెండు, ఎఫ్2లో దొరికిన గుత్తి మొక్కని మళ్ళీ నాటుతో క్రాస్ చేయడం. నాటు రక్తం ముప్పావు వంతుకి పోద్ది. కానీ నాటువి బలమైన లక్షణాలు కాబట్టి ఆ తరం అంతా మళ్ళీ వేలాడే కాయలే. దాన్ని సొంతంగా గింజ కట్టించి, మళ్ళీ పదహారింట ఒకటి వెతకాలి. రెండు తరాలు అదనం.

తొందరపడి ఎఫ్1ని అలంకరణ మిరపతో వెనక్కి కలిపితే నాలుగింట ఒకటి గుత్తి మొక్క వస్తుంది, చూడ్డానికి గెలిచినట్టుంటుంది, రుచి మాత్రం పోద్ది. ఇది చేసి చల్లగా నిరాశపడేవాళ్ళు చాలామంది.

మీ చోటుకి మొదటి దారే నయం.

#15 బుచ్చి నీడ

బయటి దేశాల్లో గంజాయి పెంచే హాబీ వాళ్ళ పద్ధతి ఒకటి చదివా. కెనడాలో 2018 నుంచి చట్టబద్ధం, చాలా ప్రావిన్సుల్లో ఇంటికి 4 మొక్కలు పెంచుకోవచ్చు. వాళ్ళు విత్తనాలు చాలా వేసి, నచ్చిన ఒకే మొక్కని తల్లి మొక్కగా ఉంచి, దాని కొమ్మలు నాటి ఏళ్ళ తరబడి అదే మొక్కని నడుపుతారట. తరాల గొడవే లేదు. మిరపలో అట్టా కుదరదా?

#16 నిర్వాహకుడు

పద్ధతి గురించి మాట్లాడుకోవచ్చు. మొక్క గురించి వద్దు. మన దేశంలో అనుమతి లేకుండా గంజాయి సాగు 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక ఎన్‌డీపీఎస్ చట్టం 20వ సెక్షన్ కింద నేరం: పదేళ్ళ దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా. కుండీలో ఒక్క మొక్కైనా సాగే. ఇక్కడ గింజ ఎక్కడ దొరుకుద్దని ఎవరూ అడగొద్దు.

#17 నెల్లూరు భూతద్దం

తమ్ముడూ, గంజాయిలో ఆడ మొక్క, మగ మొక్క వేరువేరు. మగ మొక్కని పీకేస్తే ఆడ పూవుకి కేసరాలు తీసే పనే ఉండదు. మన దొండ, ఆగాకర ఆ తీరు. దొండని గింజతో కాకుండా తీగ ముక్కతో పెంచేది అందుకే, ఆడ తీగ అని ముందే ఖాయం. మిరపలో ఒకే పూవులో రెండూ ఉన్నాయి కాబట్టి ఈ పట్టకారు అవస్థ.

కొమ్మ నాటడం మిరపలో కుదురుద్ది. పూత లేని నాలుగు అంగుళాల కొమ్మ, పై రెండాకులు ఉంచి మిగతావి తీసి, వేర్లు పుట్టించే పొడి అద్ది, తడి కొబ్బరి పొట్టులో పెట్టి పైన ప్లాస్టిక్ కవరు కప్పితే రెండు నుంచి నాలుగు వారాల్లో వేరు పడుద్ది. చలికాలంలోనే చేయండి, మేలో కుళ్ళిపోద్ది. చిక్కు ఎక్కడంటే తల్లి మొక్కలో బొబ్బర వైరసు ఉంటే కొమ్మలన్నిటికీ వస్తుంది. మన దగ్గర మొక్క రెండేళ్ళు వైరసు లేకుండా నిలవడమే అరుదు. గింజ ద్వారా పోతే ఆ పీడ చాలావరకు వదులుద్ది. కాబట్టి కొమ్మలు భరోసా కోసం రెండు పెట్టుకోండి, రకాన్ని గింజలోనే నిలపండి.

కాపు అయ్యాక మొక్కని జానెడెత్తుకి కత్తిరించి చిగుర్లు రానిస్తే ఇంకో కాపు వస్తుంది. ఎఫ్2లో నచ్చిన మొక్కని వేసవి దాటించడానికి ఇదే తేలిక. పచ్చ నెట్ 50 శాతం నీడలో పెట్టండి.

#18 ఉప్పునీళ్ళు

వైరసు మాట వచ్చింది కాబట్టి: ఎంపిక చేసే మొక్కలో పురుగు రోగాన్ని లక్షణం అనుకోకూడదు. ఆకు అంచులు పైకి ముడుచుకుని దోనెలాగా అయితే తామర పురుగు. కిందికి ముడుచుకుని, ఆకు కాడ సాగితే నల్లి. ఆకులు చిన్నబోయి, పసుపు ముదురు మచ్చలు పడి, మొక్క గిడసబారితే వైరసు, దాన్ని తెల్లదోమో, పేనుబంకో మోస్తుంది. ఈ మూడోదాన్ని చూసి “పొట్టి మొక్క దొరికింది” అని సంబరపడి గింజ కట్టిన వాళ్ళున్నారు.

2021-22లో నల్ల తామర పురుగు మన రాష్ట్రం మిరపని తుడిచిపెట్టింది గుర్తుందిగా. అది ఆకు కంటే పూవులో ఎక్కువ ఉంటుంది. క్రాసింగ్ మొగ్గల్లో దూరితే కీలం గీరుకుపోయి పిందె నిలవదు, పైగా పరాయి పుప్పొడి కూడా మోసుకొస్తుంది. తెల్ల కాగితం మీద పూవు దులపండి, సన్నటి నల్ల గీతలు కదిలితే అవే. నీలం జిగురు అట్టలు మొక్క ఎత్తున కట్టండి. వేపనూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు, కొంచెం సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం కొట్టండి, కానీ క్రాస్ చేసిన పూల మీద కొట్టొద్దు. నల్లికి నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు. వేపనూనెకీ గంధకానికీ మధ్య రెండు వారాల ఎడం ఉంచండి, ఎండ మండే వేళ అసలు కొట్టొద్దు, ఆకు మాడుద్ది.

#19 వంటింటి పచ్చిమిర్చి

రుచి చూడడం ఎట్లా అండీ? రెండు మొక్కలకే నాలుక మొద్దుబారుద్ది.

#20 ఒంగోలు మిద్దెతోట

రోజుకి నాలుగు మొక్కలే. కాయ కొస ముక్కతో మొదలుపెట్టండి, అక్కడ కారం తక్కువ, రుచి తెలుస్తుంది. తర్వాత నడిమి తోలు. ముచ్చిక దగ్గర ఈనె ఆఖర్న, గోరంత ముక్క. మధ్యలో నీళ్ళు కాదు, పెరుగు. ప్రతి మొక్క నుంచీ ఒకే పండు ఈడు కాయ తీసుకోవాలి. పచ్చికాయకీ పండుకాయకీ పోల్చితే తప్పు తేలుద్ది. అన్ని కుండీలకీ ఒకే రోజు ఒకేలా నీళ్ళు పోసి ఉండాలి, నీళ్ళ ఎద్దడి పడ్డ మొక్క కారం ఎక్కువ చూపిస్తుంది. పండుమిరప పచ్చడి కోసం కాబట్టి నాలుగు కాయలు ఉప్పేసి దంచి, మూడో రోజు రుచి చూడండి. పచ్చిగా బాగున్న కాయ ఊరాక చప్పబడడం మామూలే.

#21 కావలి కుండీలు

రకం స్థిరపడిందని ఎప్పుడు చెప్పొచ్చు?

#22 పొదిలి ఎర్రనేల

సొంతంగా గింజ కట్టిస్తూ పోతే ప్రతి తరానికీ కలగలుపు సగమవుద్ది. ఎఫ్2లో 50 శాతం, ఎఫ్3లో 25, ఎఫ్4లో 12.5, ఎఫ్5లో 6.25, ఎఫ్6లో 3 చిల్లర. నిటారు, గుత్తి ఎఫ్2లోనే స్థిరం, అవి బలహీన లక్షణాలు కాబట్టి బయటికి కనపడ్డాయంటే ఇక మారవు. రుచి, సైజు కోసమే ఎఫ్6 దాకా పోవాలి. ఒక మొక్క గింజతో ఇరవై వేసి, ఇరవైలో కాయ తేడా పట్టి చూసినా దొరక్కపోతే రకం అనుకోండి.

గింజ నుంచి పండుకాయకి నాలుగు నెలలు పైన పడుద్ది. వేసవిని తీసేస్తే ఏడాదికి రెండు తరాలు గట్టిగా. అంటే మూడేళ్ళ పని. ఎఫ్1కి మాత్రం మంచి కాలం వృథా చేయకండి, దాని మీద ఎంపికేమీ లేదు, నీడలో జూలైలో వేసి రెండు కాయలు ఫెవికాల్‌తో కట్టించుకుంటే చాలు. ఒక్క కాయలోనే యాభై పైన గింజ ఉంటుంది.

#23 ఒంగోలు మిద్దెతోట

గింజ తీసేటప్పుడు: కాయ మొక్క మీదే పూర్తిగా పండాలి, పూవు నుంచి నలభై అయిదు రోజులు అటూ ఇటూ. కోసి రెండు మూడు రోజులు నీడలో ఉంచి చీల్చండి. చేతికి తొడుగు తప్పనిసరి. నీడలో ఆరబెట్టండి, మిట్టమధ్యాహ్నం మిద్దె గచ్చు మీద పోస్తే గింజ ఉడికిపోద్ది. వంచితే వంగకుండా టక్కున విరగాలి. కాగితం పొట్లంలో కట్టి, సిలికా జెల్ పొట్లాలతో సీసాలో మూతపెట్టి ఫ్రిజ్‌లో. తీసినప్పుడు సీసా గది వేడికొచ్చాకే మూత తియ్యండి, లేకపోతే గింజకి చెమ్మ పట్టుద్ది.

విత్తే ముందు ట్రైసోడియం ఫాస్ఫేట్ 10 శాతం ద్రావణంలో అరగంట నానబెట్టి బాగా కడిగితే గింజ పైనంటిన మొజాయిక్ వైరసు పోద్ది. తొడుగు వేసుకోండి, అది ఘాటు క్షారం.

#24 పెన్నా గట్టు

తండ్రి మొక్కగా కంపెనీ రకం వాడితే కేసు పెడతారా? స్థిరపడ్డాక గింజ పంచుకోవచ్చా?

#25 నెల్లూరు భూతద్దం

2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతు హక్కుల చట్టం 30వ సెక్షన్ నమోదైన రకాన్ని కూడా కొత్త రకం పుట్టించడానికి వాడుకోనిస్తుంది. 39వ సెక్షన్ రైతుకి గింజ దాచుకునే, విత్తుకునే, మార్చుకునే, పంచుకునే, అమ్ముకునే హక్కు ఇస్తుంది. రక్షణ ఉన్న రకాన్ని దాని బ్రాండు పేరుతో ప్యాకెట్ కట్టి అమ్మకూడదు, అంతే. గుంటూరు దగ్గరి లాం ఫారం (మిరప పరిశోధన కేంద్రం) ఎల్‌సీఏ రకాలు చాలావరకు సూటి రకాలే, వాటి గింజ వేస్తే అదే వస్తుంది. హైబ్రిడ్ ప్యాకెట్ తండ్రిగా వాడితే మాత్రం ఎఫ్1 మొక్కలే ఒక్కోటి ఒక్కో తీరుగా వస్తాయి, పై లెక్కలేవీ నడవవు.

పంచేటప్పుడు పొట్లం మీద ఏ తరమో రాయండి. ఎఫ్3 గింజని “కొత్త రకం” అని పంపితే తీసుకున్నవాళ్ళ మిద్దె మీద నాలుగు రకాలు కాసి మనల్ని తిట్టుకుంటారు.

#26 కావలి కుండీలు

సెప్టెంబరు ఆఖర్లో రెండిటి నారూ పోస్తా. అలంకరణ మిరపే తల్లి. ఇద్దరికి నాటు గింజ పది పది ఇవ్వగలను, ఒంగోలు అక్కకీ, పొదిలి అన్నకీ. ఈ మిద్దె మీద కోతులు పడినా రకం పోకూడదు.

#27 పొదిలి ఎర్రనేల

పంపు అబ్బాయ్. పొట్లం కవరు లోపల చిన్న అట్ట ముక్క మధ్య పెట్టు, స్టాంపు కొట్టే మిషను కింద పడితే గింజ నలుగుద్ది.